మురికి లెక్క

బేసిన్ రోవర్స్ ఎందుకు ఓడిపోతోందో
కదిరేశన్ మాస్టార్ని అడక్కండి.
ఆయన ఫార్మేషన్ అంటాడు, ఫిట్‌నెస్ అంటాడు,
రిఫరీ బావమరిది అవతలి జట్టులో ఉన్నాడంటాడు.
నన్నడగండి.
పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారం రాత్రి
మూలకొత్తళంలో నా గుమ్మం ముందు
గోనెసంచి దిగుతుంది:
పదహారు చొక్కాలు, పదహారు నిక్కర్లు.
ఎవడు ఆడాడో, ఎవడు ఆడినట్టు నటించాడో
బట్టకి దాచడం చేతకాదు.

ఒకటో నంబరు దేవసహాయం.
మోచేతుల దగ్గర నూలు పోతే రెండుసార్లు మాటేశాను.
పందొమ్మిది గోల్స్ తిన్నాడని తిడతారే,
ఆ కుడి తుంటి మీద మరక చూసి తిట్టండి.

నాలుగు, అయిదు, డిఫెన్సు అంటారు వాళ్ళని.
చొక్కా ముందువైపు మల్లెపువ్వు,
వెనకంతా బురద.
ఎదురు నిలబడ్డవాడు అలా పడతాడా?

ఎనిమిదో నంబరు ఇమ్మానుయేలుది
పిండితే చెమట, జాడించి పిండినా చెమట.
హార్బర్‌లో రాత్రి డ్యూటీ దిగి అట్నుంచటే వస్తాడు,
ముగ్గురి పని ఒక్కడే చేస్తాడు.
వాణ్ణి డెబ్బయ్యో నిమిషంలో బయటికి పిలిచినవాడికి
మా ఇంట్లో కాఫీ లేదు.
మాస్టారికి ఆ సంగతి తెలుసు, వీధి మారి వెళ్తున్నాడు.

ఇక పదకొండు.
ఎడమ అంచున ఆడే సుందరవేల్.
జుట్టుకి రంగు, ఆరువేల బూట్లు.
వాడి చొక్కా మడత నలగకుండా వస్తుంది,
సెంటు వాసనతో.
ఒళ్ళు మండి ఒకసారి
ఉతక్కుండానే ఇస్త్రీ చేసి పంపాను.
ఎవరూ కనిపెట్టలేదు. వాడు కూడా.

మా ఆయన బొగ్గులు రాజేస్తూ అంటాడు,
'వాళ్ళు గెలిస్తే నీకేమిటి, ఓడితే నీకేమిటి,
చొక్కాకి పన్నెండు రూపాయలేగా.'
నిజమే.
కానీ రాయపురం మీద నాలుగు మూడుతో గెలిచిన రాత్రి
సంచి విప్పితే
రంగుపొడి, కేకు ముక్కలు, ఎవడిదో నెత్తురు,
గడ్డిలో ఇరుక్కున్న ఒక విజిల్.
సబ్బు బార్లు రెండు అరిగిపోయాయి.
ఆ వారం నేను బిల్లు రాయలేదు.
ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

ఈ ఏడు ఎనిమిది ఆటలు,
ఒకటి గెలుపు, రెండు డ్రా, మిగతాది మీకు తెలుసు.
మాకంటే కింద కొరుక్కుపేట ఒక్కటే ఉంది,
వాళ్ళకి గోలీ కూడా అరువే.
మూడో డివిజన్‌కి జారితే
రైల్వే యార్డు వెనక మైదానం కూడా పోతుందంటున్నారు.
ముందేమవుతుందంటారా?
రాసుకోండి.
ఎన్నూరు మీద ఓడతాం.
పెరంబూరు మీద డ్రా, అదీ వాన పడితే.
కొరుక్కుపేట మీద చివరి ఆట
దేవుడికీ దేవసహాయానికీ వదిలేశాను.

మొన్న ఆదివారం నేను ఆటకి పోలేదు, పెళ్ళివాళ్ళ చీరలున్నాయి.
రెండు సున్నా, ఓడామని
సంచి మోసుకొచ్చిన కుర్రాడు గుమ్మంలోనే చెప్పాడు.
నేనేం మాట్లాడలేదు. విప్పాను.
పదకొండో నంబరు.
రొమ్ము మీద అరచేయంత బురద,
భుజం దగ్గర కుట్టు విడిపోయి,
కాలరులో గడ్డి వేళ్ళతో సహా.
'ఏరా, వేరేవాడికిచ్చాడా చొక్కా?'
'లేదక్కా, మన గోలు గీత దాకా వెనక్కొచ్చి పడ్డాడు.
బంతి ఆపాడు. లేచి అందర్నీ తిట్టాడు.
మాస్టార్ని కూడా.'
కుర్రాడి మాట నమ్మను, వాడు సినిమాలు ఎక్కువ చూస్తాడు.
చొక్కాని బల్బు కింద పట్టుకుని
లోపలివైపు తిరగేసి చూశాను.
సెంటు వాసన లేదు.

మిగతా పదిహేనూ నానబోశాను.
దాన్ని మాత్రం ఆ రాత్రి
బురదతోనే తాడు మీద వేశాను.
పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు చూడనీ.
మా ఆయన పిచ్చి ముదిరిందన్నాడు.

అన్నట్టు,
ఎన్నూరు ఆట సంగతి
పెన్సిల్‌తోనే రాసుకున్నారు కదా?